మనవలతో అలాస్కా తీరంలో ఓడ ప్రయాణం: సిక్కోలు తాతలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు కొన్ని సూచనలు

టెక్కలి, పలాస, రాజాం, బొబ్బిలి వంటి ఊళ్ళ నుంచి పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళు అక్కడ ఉన్న కాలంలో ఎక్కువ భాగం ఇంటి నాలుగు గోడల మధ్యే గడిపి తిరిగి వస్తున్నారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళిపోతారు, మనవలకేమో జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా బడి ఉండదు. ఆ సెలవుల్లో ఒక వారం మనవడినో మనవరాలినో వెంటబెట్టుకుని సియాటిల్ నుంచి అలాస్కా తీరం వెంట ఓడలో వెళ్ళి రావడం మన వయసువాళ్ళకు అన్నివిధాలా అనువైన ప్రయాణం. సామాను ఒక్కసారి విప్పుకుంటే చాలు, భోజనం కోసం వెతుక్కోనక్కరలేదు, మోకాళ్ళు సహకరించని రోజున కుర్చీలో కూర్చునే కొండలనూ మంచునూ చూడవచ్చు. అయితే ఈ ప్రయాణం ఎలా సాగేదీ చాలావరకు కాగితాల దగ్గర, మార్గం ఎంపిక దగ్గర ముందే తేలిపోతుంది కనుక ఆ రెండింటికీ ఎక్కువ సమయం కేటాయించండి.

కాగితాలలో మనవాళ్ళు తరచుగా మరిచిపోయేది కెనడా వీసా. సియాటిల్‌లో బయలుదేరి సియాటిల్‌కే తిరిగి వచ్చే ఓడకు కెనడాతో పనేమిటని అనిపించడం సహజం. కానీ 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశంలో నమోదై ఆ దేశపు జెండాతో నడిచే ఓడ ఇలాంటి ప్రయాణంలో కనీసం ఒక విదేశీ రేవులో ఆగి తీరాలి. ఈ మార్గంలో తిరిగే పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండాలవే కావడం వల్ల అవి చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. మీరు అక్కడ దిగినా దిగకపోయినా భారత పాస్‌పోర్టు ఉన్నవారిని ఓడ ఎక్కించుకునేటప్పుడే ఆ వీసా అడుగుతారు. హైదరాబాద్‌లో అమెరికా వీసా పని చూసుకునే రోజుల్లోనే కెనడా వీసాకు కూడా వేలిముద్రలు ఇచ్చి రావడం ఉత్తమం. అమెరికా వీసా పలుమార్లు ప్రవేశానికి వీలిచ్చేదై ఉండాలి. మనవడు అమెరికా పౌరుడైతే అతని పాస్‌పోర్టు చాలు. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఉన్న భారతీయ బాలుడైతే అతనికీ కెనడా వీసా కావాలి, అమెరికా వీసా ముద్ర గడువు కూడా సరిచూసుకోవాలి.

తల్లిదండ్రులు రాకుండా మీరిద్దరే వెళ్ళేటట్లయితే వారిద్దరూ సంతకం చేసి నోటరీ చేయించిన అనుమతి పత్రం దగ్గర ఉంచుకోండి. అందులో ఓడ పేరు, ప్రయాణ తేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లతో పాటు అవసరమైతే బిడ్డకు వైద్యం చేయించే అధికారం మీకు ఇస్తున్నట్టు ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి.

ఇక మార్గం సంగతి. మన తీరం నేరుగా బంగాళాఖాతానికి తెరుచుకుని ఉంటుంది. బారువలోనైనా కళింగపట్నంలోనైనా కెరటం అడ్డూ ఆపూ లేకుండా ఒడ్డుకు వచ్చి విరుగుతుంది. ఆగ్నేయ అలాస్కా తీరం అలా ఉండదు. అక్కడ సుమారు 1,100 దీవులు మహాసముద్రానికి అడ్డంగా నిలబడి ఉండడం వల్ల వాటి వెనుక ఉన్న ఇరుకు జలమార్గాల్లో నీరు చాలావరకు నిమ్మళంగా ఉంటుంది. సియాటిల్ నుంచి బయలుదేరే ఓడలు తరచుగా వాంకూవర్ దీవికి పడమటి వైపు నుంచి, అంటే పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళతాయి కనుక ఆ ఒకటి రెండు రోజులు ఊపు తెలుస్తుంది. కెనడాలోని వాంకూవర్ నగరం నుంచి బయలుదేరేవి దీవుల చాటున ఎక్కువగా నడుస్తాయి. కారులో తిరిగినా కడుపులో తిప్పేవారు వాంకూవర్ మార్గాన్నీ, మిగిలినవారు సౌకర్యం కోసం సియాటిల్‌నూ ఎంచుకోవచ్చు. ఏ ఓడ అయినా మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో ఉన్న గదికి ఊపు తక్కువ. వాంతుల మాత్ర ఏది వేసుకోవాలో, మీ రక్తపోటు మందులతో అది పడుతుందో లేదో బయలుదేరక ముందే వైద్యుణ్ణి అడగండి.

టికెట్ కొనే ముందు ఓడ ఏ హిమానీనదం దగ్గరకు వెళుతుందో చూడండి. గ్లేసియర్ బే జాతీయ ఉద్యానవనంలోకి రోజుకు రెండు పెద్ద ఓడలను మించి రానివ్వరు, అందుచేత ఆ అనుమతి ఉన్న ఓడలకు ధర కొంచెం ఎక్కువగానే ఉంటుంది. నా దృష్టిలో ఆ అదనపు సొమ్ము దండగ కాదు. డబ్బు ఆదా చేయదలిస్తే బాల్కనీ గది మానుకోండి. మంచును చూసే రోజున పిల్లలు ఎలాగూ గదిలో నిలవరు, అందరూ పై డెక్కు మీదే ఉంటారు.

నెల విషయంలో మే కొంత పొడిగా, చల్లగా ఉంటుంది. జూన్‌లో పగలు 18 గంటలకు పైగా సాగుతుంది, ఓడ ఆగే జూనో రేవులో రాత్రి 10 గంటలకు కూడా వెలుతురే కనుక పిల్లవాణ్ణి పడుకోబెట్టాలంటే తెర పూర్తిగా లాగాలి. ఆగస్టులో వానలు ఎక్కువే అయినా మరో రేవు కెచికాన్ వాగుల్లో సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదుతూ కనిపిస్తాయి.

బట్టలు పొరలు పొరలుగా వేసుకునేటట్టు సర్దుకోవాలి: లోపల పలచని ఉన్ని, పైన స్వెట్టరు, అన్నిటి పైన వాన నీరు దిగని కోటు. నడివేసవిలో కూడా ఉష్ణోగ్రత చాలా రోజులు 10 నుంచి 18 డిగ్రీల మధ్యే ఉంటుంది, మంచు దగ్గర గాలి ఇంకా చురుక్కుమంటుంది. మందులు, వైద్యుడి చీటీ, పాస్‌పోర్టులు, బిడ్డకు ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి, ఎందుకంటే రేవులో ఇచ్చిన పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. బీమా పత్రంలో ఓడలోని వైద్యశాల ఖర్చూ, ఓడ నుంచి విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చూ ఉన్నాయో లేదో చదివి చూడాలి.

శాకాహారులు టికెట్ కొన్నప్పుడే ఆ మాట రాయించి, మొదటి రాత్రి భోజనాల గది పర్యవేక్షకుడితో మరోసారి చెప్పుకుంటే పప్పు, కూర, అన్నం మరునాటి నుంచి చేసి పెడతారు. చక్కెర లేని పెరుగు ఫలహారాల వరుసలో దొరుకుతుంది కాబట్టి పెరుగన్నానికి లోటు ఉండదు. బియ్యం కుక్కరు, నీళ్ళు కాచుకునే కెటిల్ ఓడలోకి రానివ్వరు, ఇంట్లో వండిన పదార్థాలకు కూడా సాధారణంగా అభ్యంతరం చెబుతారు. మూత తీయని పలాస జీడిపప్పు పొట్లానికి ఇబ్బంది ఉండదు.

ఓడ ఎక్కిన రోజున మొదట జరిగేది భద్రతా కసరత్తు. ప్రమాదంలో ఎక్కడ గుమిగూడాలో చూపించే ఆ కార్యక్రమానికి మనవడితో సహా వెళ్ళండి, గది నుంచి అక్కడికి మెట్ల దారిలో ఒకసారి నడిచి చూపించండి. తరువాత పనులు పంచుకోండి. గదికి వచ్చే రోజువారీ కార్యక్రమ పత్రం చదివి మీకు తెలుగులో చెప్పే బాధ్యత మనవడిది, ఓడ గడియారం ప్రకారం వేళ చూసుకోవడం మీది. అలాస్కా వేళ సియాటిల్ కంటే ఒక గంట వెనుక ఉంటుంది. ఫోన్‌లోని వేళ అందుకు తగ్గట్టు మారకపోవచ్చు కాబట్టి చేతి గడియారాన్ని ఓడ వేళకు దిద్దుకుని దాన్నే నమ్ముకోండి. ఓడ మీద ఫోన్‌ను విమాన మోడ్‌లో పెట్టకపోతే సముద్రం మీది రోమింగ్‌కు బిల్లు వాచిపోతుంది. రేవులో దిగాక ఇంటికి ఫోన్ చేయవచ్చు. అక్కడ ఉదయం 7 గంటలైతే శ్రీకాకుళంలో రాత్రి 8:30. పిల్లల ఆటల గదిలో సాధారణంగా మూడేళ్ళు నిండిన వారిని చేర్చుకుంటారు. మధ్యాహ్నం కునుకు తీయదలచిన తాతలకు అది వరమే గాని, తిమింగలాలు కనిపించే వేళల్లో మాత్రం బిడ్డను అక్కడ వదలకండి.

రేవుల్లో ఊరికి ఒక్క పని చొప్పున పెట్టుకోండి. జూనో అలాస్కా రాజధాని అయినా బయటి ఊళ్ళ నుంచి దానికి రోడ్డు లేదు, ఓడలోనో విమానంలోనో రావాలి; పిల్లలు ఈ సంగతికి భలే ఆశ్చర్యపోతారు. అక్కడి నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెండెన్‌హాల్ హిమానీనదానికి బస్సులో వెళ్ళి, ఓపిక ఉంటే నగ్గెట్ జలపాతం దాకా చదునైన బాటలో నడిచి రండి. జూనోలో ఆటుపోట్ల తేడా కొన్ని రోజుల్లో 6 మీటర్లు దాటుతుంది, మన తీరంలో అది 2 మీటర్లు కూడా ఉండదు. అందువల్ల ఉదయం చదునుగా ఉన్న దిగుడు వంతెన మధ్యాహ్నానికి నిటారుగా మారవచ్చు. చేతికర్ర వాడేవారు దాన్ని గదిలో వదిలిపెట్టకూడదు. కెచికాన్‌లో వాన పడుతుందనే అనుకుని దిగండి. టోటెమ్ స్తంభాలనే అక్కడి చెక్కిన కొయ్య స్తంభాలు పూజకు నిలిపినవి కావనీ, స్థానిక ట్లింగిట్, హైడా జాతులవారు తమ వంశాల చరిత్రను వాటి మీద చెక్కుకున్నారనీ పిల్లలకు ముందే చెప్పి ఉంచితే వారు కాకినీ, గద్దనూ వెతికి పట్టుకుంటారు. ఈ రేవులన్నిటా ఓడ దిగగానే నగల దుకాణాలు వరుసగా ఎదురవుతాయి. బంగారం కోసం ఇంత దూరం రానక్కరలేదు.

ఇంకో రేవు స్కాగ్వే దగ్గర కాస్త ఆగాలి. అక్కడి వైట్ పాస్ రైలు మార్గాన్ని బంగారపు వేట రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేశారు. మన నౌపడా నుంచి పర్లాకిమిడికి నారో గేజి రైలు నడవడం మొదలైంది కూడా 1900లోనే. మన పట్టాల మధ్య రెండున్నర అడుగులు, అక్కడ మూడు అడుగులు. నౌపడా ఉప్పు మడుల పక్కన ఆ చిన్న రైలులో కూర్చున్న అనుభవం ఉన్న తాతకు మనవడితో చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. రైలు రేవు దగ్గరికే వస్తుంది, సుమారు 870 మీటర్ల ఎత్తున్న కనుమ దాకా ఎక్కి మూడు గంటల లోపు తిరిగి తెస్తుంది. పైన కుర్చీల వాలును తిప్పి, ప్రయాణికులను అటువైపు వారిని ఇటువైపు మారుస్తారు కనుక లోయ వైపు సీటు కోసం ఎవరితోనూ వాదులాడనక్కరలేదు. దీని టికెట్ ఓడ ద్వారానే కొనండి, రైలు ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగుతుంది. సొంతంగా కుదుర్చుకున్న విహారాలకు ఆ పూచీ ఉండదు.

గ్లేసియర్ బే రోజున పెందలాడే లేవండి. 1794లో వాంకూవర్ అనే నావికుడి బృందం వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు మొత్తం మంచుతో నిండి ఉండేది. ఆ మంచు ఇప్పుడు 100 కిలోమీటర్లకు పైగా వెనక్కి తగ్గింది, మీ ఓడ నడిచే నీరంతా ఒకప్పటి హిమానీనదమే. ఉద్యానవనపు రేంజర్లు ఓడ ఎక్కి మైకులో వివరిస్తారు. మార్జరీ హిమానీనదం ఎదుట ఓడ ఆగినప్పుడు ముక్కలు విరిగే చోటు కోసం కళ్ళు అటూ ఇటూ తిప్పకుండా, నీలం బాగా ముదురుగా ఉన్న ఒక పగులును ఎంచుకుని దాని మీదే చూపు నిలపమని మనవడికి చెప్పండి. మంచు విరగడం ముందు కనిపిస్తుంది, ఉరుము వంటి చప్పుడు తరువాత వినిపిస్తుంది. ఆ మధ్య సెకన్లు లెక్కపెట్టి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం తేల్చడం ఎనిమిదేళ్ళ పిల్లవాడు కూడా చేయగల లెక్క. ఆ నీలం ఎందుకని అడిగితే, ఒత్తిడికి గాలి బుడగలు నలిగిపోయి గట్టిపడిన మంచు ఎరుపు కాంతిని పీల్చుకుని నీలాన్ని మిగులుస్తుందని చెప్పండి.

తిమింగలాన్ని చూడాలంటే తిమింగలం కోసం వెతకకూడదు. నీటి మీద క్షణంపాటు లేచి కరిగిపోయే తెల్లని ఆవిరి కోసం చూడాలి. హంప్‌బ్యాక్ తిమింగలం నాలుగైదు సార్లు అలా ఊపిరి వదిలి, వీపు విల్లులా వంచి, తోక పైకి లేపిందంటే లోతుకు మునుగుతోందన్నమాట. మళ్ళీ చాలా నిమిషాల దాకా రాదు, ఆలోగా కాఫీ తెచ్చుకోవచ్చు. మైకులో దిక్కును గడియారం అంకెలతో చెబుతారు, ఓడ ముక్కు 12 అనుకోవాలి. పిల్లవాడికి 7 లేదా 8 రెట్లు చూపే బైనాక్యులర్ చాలు, అంతకు మించినవి చేతిలో వణికి బొమ్మ నిలవదు.

చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. మరునాటి బట్టలు, మందులు, పాస్‌పోర్టులు అందులోకి వెళ్ళకుండా చూసుకోండి, తలకు ఇంత చొప్పున రోజూ వేసిన సేవా రుసుము ఖాతాలో సరిగా ఉందో లేదో ఆ రాత్రే అడిగి తేల్చుకోండి. ఉదయం సియాటిల్ రేవులో అధికారి దగ్గరకు వెళ్ళేటప్పుడు అనుమతి పత్రం పైకి తీసి పెట్టుకోండి. ఇంటికి చేరాక మీ ఐ-94లో, అంటే అమెరికాలో ఎప్పటి దాకా ఉండవచ్చో తెలిపే ప్రవేశ పత్రంలో, ఉన్న గడువు తేదీని కంప్యూటర్‌లో మనవడి చేత చూపించుకుని, తిరుగు విమానం తేదీతో సరిపోల్చుకోండి.