మీ వంటింట్లో ఏ చక్కెర ఎక్కడ దాక్కుందో కనిపెట్టడం ఎలా?

మా ఇంట్లో ఈ సంగతికి మూడు మాటలున్నాయి. పంచదార డబ్బాలో ఉంటుంది, చక్కెర పిల్లల సైన్సు పుస్తకంలో ఉంటుంది, షుగరు మావయ్యకి ఉంటుంది. ఆయన కాఫీలో పంచదార మానేసి అనకాపల్లి బెల్లం మొదలెట్టారు. అన్నం మాత్రం మారు వడ్డించుకునేవారు. మీటరు పెట్టుకున్నప్పుడల్లా దాన్ని తిట్టేవారు: "తీపి ముట్టడమే మానేశాను కదే, ఇంకా ఎక్కణ్ణుంచి వస్తోంది?"

నాలుకకి తెలిసేది తీపి ఒక్కటే. అన్నం చప్పగా ఉన్నా దాని నిండా గ్లూకోజే. పాలు అంత తియ్యగా లేకపోయినా వాటిలోనూ చక్కెర ఉంది. అందుకని ఓ ఆదివారం విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి సంచి తెచ్చి, పిల్లల్నీ మావయ్యనీ వంటింట్లో కూర్చోబెట్టాను. మీరూ చేసి చూడొచ్చు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

దెబ్బలకి రాసే గోధుమరంగు పోవిడోన్ అయోడిన్ సీసా, కాస్త గంజి, ఒక కూర అరటికాయ, బాగా మగ్గిన అరటిపండు, నిమ్మకాయ, పంచదార, ఏదైనా బిస్కెట్ ప్యాకెట్టు. అయోడిన్ ఒక చెంచాకి పది చెంచాల నీళ్ళు కలపండి. అది పడిన తిండి ఏదైనా సరే పారబోయాలి, నోట్లో పెట్టకూడదు. బట్టల మీద పడితే మరక ఓ పట్టాన వదలదు కాబట్టి పాత చీర కట్టుకోండి.

వరస అర్థం చేసుకోండి

కిరండూల్ నుంచి మన పోర్టుకి ఇనప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బండి చూశారుగా? ఒక్కో బోగీ ఒక్కో చిన్న చక్కెర అనుకోండి. మన తిండిలో విడి బోగీలు ముఖ్యంగా మూడు రకాలు: గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గెలాక్టోజ్. రెండేసి తగిలిస్తే జంటలు. గ్లూకోజ్‌కి ఫ్రక్టోజ్ తగిలిస్తే పంచదార, అంటే సుక్రోజ్. గ్లూకోజ్‌కి గెలాక్టోజ్ తగిలిస్తే పాలలోని లాక్టోజ్. రెండూ గ్లూకోజులే అయితే మాల్టోజ్. గ్లూకోజులే వందలూ వేలూ తగిలిస్తే స్టార్చ్. అన్నం, గోధుమ, బంగాళదుంప, పెండలం అన్నీ ఈ గూడ్సు బండ్లే.

తోటకూర కాడలో పీచు కూడా గ్లూకోజ్ బోగీలే! దాన్ని సెల్యులోజ్ అంటారు. తేడా అంతా కప్లింగులో ఉంది. స్టార్చ్ కప్లింగుని విప్పే ఎంజైము మన ఒంట్లో ఉంది, సెల్యులోజ్‌ది విప్పేది లేదు. ఆవుకీ లేదు గానీ, దాని కడుపులో ఉండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. అందుకే అది గడ్డి తిని బతుకుతుంది.

ఈ చక్కెరలు, స్టార్చ్, పీచు అన్నీ కార్బోహైడ్రేట్లే. వీటన్నిటినీ కలిపి మనవాళ్ళు పిండిపదార్థాలు అన్నారు. ఆ పేరు వల్లే తేనెకీ కొత్తిమీర కాడకీ చుట్టరికం ఉందని ఎవరికీ తట్టదు.

అయోడిన్ చుక్క వేయండి

గంజిలో ఒక చుక్క వేస్తే నీలం నలుపు కావాలి. నేను వేసినప్పుడు ఏమీ కాలేదు. పిల్లలు నవ్వారు, మావయ్య అయితే "చూశావా, అన్నంలో ఏమీ లేదు" అని తేల్చేశారు. సీసా పాతదేమో అనుకుని ఆ గిన్నె పక్కన పెట్టి అరటికాయ తరుగుతున్నాను. పది నిమిషాలయ్యాక మా చిన్నాడు అరిచాడు: గిన్నెలో గంజి సిరాలా నల్లబడింది. పొయ్యి మీంచి దించిన వేడి గంజిలో వేయడం నా తప్పు. స్టార్చ్ గొలుసు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, ఆ చుట్టలోకి అయోడిన్ దూరితేనే రంగు. వేడికి చుట్ట విడిపోతుంది, చల్లారాక మళ్ళీ చుట్టుకుంటుంది. కాబట్టి చల్లార్చి వేయండి. మళ్ళీ వేడి చేసి రంగు పోవడం చూపిస్తే పిల్లలకి ఇంకా సరదా.

తరవాత అరటికాయ ముక్క మీద ఒకటి, మగ్గిన పండు ముక్క మీద ఒకటి. కాయ నల్లబడుతుంది, పండు మీద పెద్దగా రంగు రాదు. మగ్గేటప్పుడు పండు తన స్టార్చ్‌ని తానే విప్పుకుని చక్కెరలు చేసుకుంటుంది. చెట్టు నుంచి కోశాక కూడా తీపెక్కడం అందుకే.

ఈ చుక్క బజారులోనూ పనికొస్తుంది. కోవా కొంచెం నీళ్ళలో ఉడికించి, చల్లార్చి, ఒక చుక్క వేసి చూడండి. నీలంగా మారితే అందులో పిండి కలిపినట్టే. పసుపు మీద మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి, అసలు పసుపులోనే స్టార్చ్ ఉంటుంది.

ఉమ్ముతో గొలుసు తెంపండి

ఒట్టి అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా నిమిషం పాటు నమలండి. సన్నగా తీపి తగులుతుంది. ఉమ్ములోని అమైలేజ్ అనే ఎంజైము స్టార్చ్‌ని మాల్టోజ్ జంటలుగా కత్తిరిస్తోందన్న మాట. కళ్ళారా చూడాలంటే, నీళ్ళు పోసి పలచన చేసిన గోరువెచ్చని గంజి రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో చెంచాడు ఉమ్ము కలపండి (ఈ ఉద్యోగానికి పిల్లలు పోటీ పడతారు). పావుగంటయ్యాక రెండిట్లోనూ అయోడిన్ వేయండి. ఉమ్ము లేనిది నల్లబడుతుంది, ఉమ్ము కలిపింది గోధుమరంగులోనో లేత రంగులోనో ఉండిపోతుంది.

మావయ్య నోరు మెదపకుండా చూసింది ఇదొక్కటే. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల కార్బోహైడ్రేటు ఉంటుంది. అంటే దాదాపు ఏడు చెంచాల పంచదారకి సరిపడా. కాఫీలో మానేసింది రెండు చెంచాలు.

నిమ్మచుక్కతో పాకం పట్టండి

ఒక గిన్నెలో ఒట్టి పంచదార పాకం, ఇంకోదాంట్లో నాలుగు నిమ్మచుక్కలు వేసి అదే పాకం కాచండి. మర్నాటికి మొదటి దాంట్లో పలుకులు కట్టే అవకాశం ఎక్కువ. పులుపూ వేడీ కలిసి సుక్రోజ్‌ని కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడతాయి, ఆ విడి బోగీలు అడ్డుపడి పలుకు కట్టనివ్వవు. గులాబ్‌జామ్ పాకంలో అమ్మమ్మలు నిమ్మరసం పిండింది ఇందుకే. తేనెటీగ కూడా పూల మకరందాన్ని ఇలాగే విడగొడుతుంది, నిమ్మకాయ బదులు ఎంజైముతో.

ఇక బెల్లం. అనకాపల్లి అచ్చు అయినా, తాటిబెల్లం అయినా అందులో ఎక్కువ భాగం సుక్రోజే. కాస్త ఖనిజాలు ఉన్నాయి, రుచి ఉంది, నాకు ప్రాణం. మందు మాత్రం కాదు.

పాల సంగతి పొద్దున్నే పెరుగు గిన్నెలో కనిపిస్తుంది. తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ని లాక్టిక్ ఆమ్లం చేస్తే పెరుగు పులుస్తుంది. పాలు పడని వాళ్ళలో చాలామందికి పెరుగు పడేది అందువల్లే.

ప్యాకెట్టు వెనక చదవండి

ముందు వైపు బొమ్మ వదిలేయండి. వెనక కార్బోహైడ్రేట్లు, టోటల్ షుగర్స్, యాడెడ్ షుగర్స్ అని వరసగా ఉంటాయి. ఆ అంకె 100 గ్రాములకా, ఒక్క సర్వింగుకా అన్నది ముందు చూసుకోండి, చాలామంది పొరబడేది ఇక్కడే. తరవాత దినుసుల జాబితాలో డెక్స్‌ట్రోజ్ (అది గ్లూకోజే), ఇన్వర్ట్ సిరప్ (విడగొట్టిన పంచదార పాకం), లిక్విడ్ గ్లూకోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ (తెంపిన స్టార్చ్ ముక్కలు) అన్న పేర్లు వెతకండి. చివరిది అంత తియ్యగా ఉండదు గానీ త్వరగా గ్లూకోజ్‌గా మారిపోతుంది. కలిపిన చక్కెరలు, తేనె, పండ్ల రసాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో పదో వంతుకి లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 2000 కేలరీలు తినేవారికి అది 50 గ్రాములు. 25కి తగ్గితే ఇంకా మేలు.

ఇవి ఒంట్లో చేసే పని చూడండి

గ్రాము కార్బోహైడ్రేటుకి 4 కేలరీలు. మెదడు ఒక్కటే రోజుకి సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ లాగేస్తుంది. మిగిలిన దాంట్లో కొంత గ్లైకోజెన్ అనే గ్లూకోజ్ గొలుసుగా దాస్తాం: కాలేయంలో 100 గ్రాముల వరకు, కండరాల్లో 400 వరకు. కైలాసగిరి మెట్లెక్కేటప్పుడు తొడలు ఖర్చుపెట్టేది ఆ రెండోదాన్నే. గ్లూకోజ్ నుంచి వచ్చిన శక్తిని కణాలు ఏటీపీ అనే అణువు రూపంలో వాడుకుంటాయి. ఆ ఏటీపీని కండరంలో కనిపెట్టి 1929లో ప్రకటించిన వారిలో ఒకరు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు.

వేసవిలో విరేచనాలైతే తాగే ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. తీపి కోసం కాదు. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ ఒకే గుమ్మం గుండా జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్ళూ వెళ్తాయి. "నీరసంగా ఉంది, ఇంకాస్త పంచదార వెయ్యి" అని కలిపితే ఎదురు తిరుగుతుంది, పేగులోకి నీరు చేరి విరేచనాలు పెరుగుతాయి.

తిండికి సంబంధం లేని చోట్లా ఇవే. ఫిషింగ్ హార్బరులో రొయ్యలు ఒలిచి పడేసిన పెంకుల్లో కైటిన్ ఉంటుంది. అది సెల్యులోజ్‌కి దగ్గరి చుట్టం. కేజీహెచ్ ఆసుపత్రిలో మీ రక్తం A గ్రూపో, B గ్రూపో తేల్చేది ఎర్ర రక్తకణం పైన గొలుసు చివర వేలాడే ఒకే ఒక్క చక్కెర. O గ్రూపు వాళ్ళకి ఆ చివరిది ఉండదు.

మావయ్య ఆ సాయంత్రమే అన్నం తగ్గించి చోడి (రాగి) అంబలికి మారారు. మర్నాడు ఆయనే అయోడిన్ సీసా అడిగి తీసుకుని, అంబలి కొంచెం నీళ్ళలో కలిపి చుక్క వేశారు. నల్లబడింది. కాసేపు గిన్నెకేసి చూసి, "ఇదీ గూడ్సు బండేనా?" అన్నారు. పీచు ఉంది కాబట్టి కొంచెం నెమ్మదిగా దిగుతుందిలే అన్నాను. చుక్క పడింది పారబోసి, కొత్తగా పోయమన్నారు. సగం గిన్నె.