ఎఫ్-లైన్ (చేను సరిహద్దు) సర్వేకు ముందు పక్క రైతులకు కబురు

చేను కొలిపించడానికి దరఖాస్తు పెట్టేముందే నాలుగు దిక్కులా గట్టు కలిసే రైతుల పేర్లు అడంగల్ (ఊరి సాగుభూముల రికార్డు), ఎఫ్ఎంబీ (పొలం కొలతల) పటం చూసి రాసుకోండి. నోటీసు ఇచ్చేది సర్వేయరే అయినా, సరైన పేరూ చిరునామా అందించాల్సింది మనమే.

ఎక్కువగా బెడిసేది ఇక్కడే: రికార్డులో పేరున్నాయన చనిపోయి ఉంటారు, వారసులేమో చెన్నైలో. తర్వాత వాళ్లొచ్చి ‘మాకు తెలియదు’ అంటే గొడవ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే వారసులందరి పేర్లూ ఇవ్వండి. కౌలు రైతు సంతకం చాలదు, నోటీసు పట్టాదారుకే అందాలి. ఒకవైపు కాలువ పోరంబోకు (ప్రభుత్వ భూమి) ఉంటే వీఆర్వోను (గ్రామ రెవెన్యూ అధికారిని) కూడా రమ్మనండి.

నెల్లూరు జిల్లా కోవూరు వైపు వరి నిలబడి ఉండగా కొలతలు పెట్టుకోవద్దు. కోతలయ్యాక అయితే సరిహద్దు రాళ్లు కనిపిస్తాయి, గొలుసు నేరుగా సాగుతుంది. ముందురోజు సాయంత్రం ఇంటికెళ్లి ‘అన్నా, రేపు పొద్దున కొలతలు, నువ్వుండాలి’ అని నోటితో కూడా చెప్పండి.