కొలిమిలో తరచూ వచ్చే చిక్కులు, వాటి విరుగుడు

కొడవలి అంచు మడత పడిందనో, గడ్డపార మొన విరిగిందనో రైతు వెనక్కి తెస్తే ముందు ఇనుమునే తిట్టుకుంటాం. ఎక్కువసార్లు తప్పు ఇనుముది కాదు, వేడిది. ముక్క ఎంత కాలింది, నిప్పులో ఏ చోట కాలింది, ఏ రంగు దగ్గర మునిగింది అన్నవి కుదిరితే సుత్తి పని దానంతటదే దారిన పడుతుంది. అందుకే ఇక్కడ సగం మాట నిప్పు గురించే.

ఇనుము కాగదు, పొలుసులు మాత్రం లేస్తాయి

ముందు బొగ్గు మందం చూడండి. గాలి రంధ్రం నుంచి వచ్చే గాలిలోని ఆక్సిజన్ మండే బొగ్గులో కొంత దూరం పోయాకే ఖర్చయిపోతుంది. ముక్క రంధ్రానికి రెండంగుళాల ఎత్తులోనే ఉంటే ఆ మిగిలిన గాలి ఇనుము మీద పడుతుంది. పైన పొలుసు కడుతుంది, లోపలికి వేడి ఎక్కదు. ముక్క కింద నాలుగైదు అంగుళాల మండే బొగ్గు, పైన రెండంగుళాల కప్పు ఉండాలి. ముక్కను పైనుంచి నిప్పులోకి గుచ్చకండి, పక్కనుంచి అడ్డంగా పెట్టండి. గుచ్చితే మొన నేరుగా గాలి నోటికే పోతుంది. పలుచటి కొడవలి మొనలు కరిగిపోయేది ఎక్కువగా ఇలాగే.

బొగ్గు ముక్క అంగుళం, అంగుళంన్నర ఉంటే మేలు. పిడికెడంత ముక్కలైతే సందుల్లోంచి గాలి ఊరికే పైకి పోతుంది. మరీ పొడైతే గాలి ఆడదు. జల్లెడ పట్టి, పొడిని తడిపి కొలిమి అంచుల్లో వేయండి, నిప్పు పక్కలకు పాకకుండా ఆపుతుంది. మన పల్లెల్లో దొరికే సర్కారు తుమ్మ బొగ్గు ఈ పనికి చక్కగా సరిపోతుంది: బరువైనది, నిలిచి కాలుతుంది, గంధకం దాదాపు ఉండదు. సింగరేణి బొగ్గు సంగతి వేరు. అది కోకింగ్ రకం కాదు కాబట్టి వేడికి ముద్దకట్టి ముక్క మీద గూడులా నిలవదు, బూడిద కూడా ఎక్కువ. అదే వాడాల్సి వస్తే ముందు నిప్పు పక్కన పోసి, పసుపు పొగ పూర్తిగా పోయాక మధ్యలోకి నెట్టండి. పొగ వస్తున్న బొగ్గులో ఉక్కు పెట్టకూడదు. గంధకం పట్టిన ఉక్కు ఎర్రగా ఉండగానే దెబ్బకు చీలుతుంది.

రాక్షసి బొగ్గుతో కొంతసేపు పని చేశాక నిప్పు మధ్యలో నల్లటి మచ్చ కనిపించి వేడి తగ్గిందంటే చిట్టెం కట్టినట్టే. బూడిద కరిగి గాలి రంధ్రాల మీద గాజులా పేరుకుంటుంది. అది మెత్తగా ఉన్నప్పుడు కెలికితే సాగిపోయి బొగ్గుల్లో కలుస్తుంది. బూడిద తలుపు తెరిచి, గాలి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగండి. గట్టిపడ్డాక కొక్కెంతో కిందనుంచి ఎత్తితే బిళ్లలా లేచి వస్తుంది.

ఆ బూడిద తలుపు తెరవడం మరవద్దు. రాక్షసి బొగ్గు మీద గాలి పూర్తిగా ఆగితే మండని వాయువు వెనక్కి గొట్టంలోకి చేరుతుంది. మళ్లీ స్విచ్ వేయగానే ఢామ్మని పేలుతుంది, గొట్టం ఊడిపడొచ్చు. మామూలు పనిలో గాలిని పూర్తిగా మూయకుండా కొద్ది సందు వదలండి.

కరెంటు బ్లోయర్ పెట్టుకున్న చోట గాలి తక్కువవడం ఉండదు, ఎక్కువవడమే చిక్కు. రవ్వలు ఎగురుతాయి, బొగ్గు ఊరికే అయిపోతుంది, పొలుసు పెరుగుతుంది. దానికి ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించడం అన్ని మోటార్లకూ పడదు. బ్రష్షులున్న మోటారు ఓర్చుకుంటుంది గానీ ఇండక్షన్ మోటారు వేడెక్కి పాడవుతుంది. గొట్టంలోనే ముందుకూ వెనక్కూ జరిగే రేకు అడ్డం పెట్టండి. గొట్టం మాత్రం గాల్వనైజ్ చేసినది వద్దు. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆ తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రికి చలి జ్వరం పట్టుకుంటుంది. జింకు పూత ఉన్న ఏ ముక్కనూ కొలిమిలో పెట్టకండి. రెండు వైపులా మూసుకుపోయిన గొట్టాలనూ, పాత షాక్ అబ్జార్బర్లనూ అసలు కాచకూడదు, అవి బాంబుల్లా పేలతాయి.

రంగు చూడటం

ఎండలో రంగు చూసి పని చేయకూడదు. నీడలో నారింజగా ఉన్న ఇనుము ఎండలో ముదురు ఎరుపులా కనిపిస్తుంది. ఇంకా కాగలేదనుకుని అతిగా కాచేస్తాం. కొలిమికి పడమటి వైపు తడక కట్టండి. నీడలో ముదురు ఎరుపంటే సుమారు 650–700 డిగ్రీలు, నిండు ఎరుపు 750–800, నారింజ 900–950, పసుపు 1050–1100. లారీ కమాన్ పట్టీని (బరువు మోసే స్ప్రింగు ఉక్కు పట్టీని) పసుపు దగ్గర మొదలుపెట్టి ముదురు ఎరుపుకు దిగగానే సుత్తి ఆపాలి. ఇంకో రెండు దెబ్బలే కదా అని నల్లబడ్డాక కొడితే అంచుల్లో పగుళ్లు పడతాయి. అటు తెల్లబడి కాకరపువ్వొత్తిలా రవ్వలు చిమ్మితే ఉక్కు కాలిపోయినట్టు. మళ్లీ ఎంత కాచినా అది బాగుపడదు. ఆ భాగం కోసి పారేయడమే.

ఉక్కులో కార్బన్ ఎక్కువయ్యే కొద్దీ కాచగల పై హద్దు కిందికి దిగుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం మూసల్లో తీసిన ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. అలాంటి ఉక్కును పసుపు రంగు దాకా కాచి కొడితే పొడిపొడి అవుతుంది. పాత ఆకురాళ్లలోనూ (ఇనుము అరగదీసే ఫైళ్లలో) కార్బన్ ఒక శాతం పైనే ఉంటుంది. వాటిని నారింజ దాటనివ్వకండి.

ముక్క ఎంపికలో జరిగే పొరపాటు

స్లాబు కడ్డీతో గడ్డపార చేసి మొన నిలవడం లేదని మళ్లీ మళ్లీ నీళ్లలో ముంచడం వృథా. ఇలాంటి కడ్డీలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్‌ఈ 500 కడ్డీలో కార్బన్ 0.30 శాతం దాటదు, అంత తక్కువతో ముంచినా మొన చాలినంత గట్టిపడదు. టీఎంటీ కడ్డీకి ఉండే గట్టి పైపొర మిల్లులో నీటితో చల్లార్చినప్పుడు వచ్చింది. కొలిమిలో ఎర్రగా కాగగానే అది పోతుంది. గడ్డపారకు ఈఎన్ 8 అనే రకం ఉక్కు కడ్డీ తీసుకోండి, కార్బన్ సుమారు 0.4 శాతం. కొడవలి, గొడ్డలి, ఉలికి 0.5–0.6 శాతం ఉన్న కమాన్ పట్టీ మంచిది.

పాత కమాన్ పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి. మధ్య బోల్టు రంధ్రం చుట్టూ అంగుళంన్నర వరకూ కోసి పక్కన పెట్టండి. మిగిలినదాన్ని ఎర్రగా కాచి నీడలో తిప్పి చూడండి. పగులు ఉంటే సన్నటి గీత వేరే రంగులో తేలుతుంది. ఇనుము రకం తెలియనప్పుడు చివర వేలెడు ముక్క కోసి నిండు ఎరుపుకు కాచి నీళ్లలో ముంచి, వైస్‌లో బిగించి, మీద గుడ్డ కప్పి కొట్టండి. విరగకుండా వంగితే కార్బన్ తక్కువ. టక్కున విరిగి లోపల బూడిద రంగులో సన్నగా కనిపిస్తే ఉక్కూ మంచిదే, వేడీ సరిపోయింది. పంచదార పలుకుల్లా మెరిస్తే అతిగా కాచారు.

గట్టిపరచడం

పనిముట్ల మీద వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. కాబట్టి తొందర వద్దు.

సుత్తి పని అయ్యాక ముక్కను ఎర్రగా కాచి గాలిలో చల్లారనివ్వడం మూడుసార్లు చేయండి. దెబ్బల వల్ల లోపల పడ్డ బిగువు వదులుతుంది, ఉక్కు పలుకు సన్నబడుతుంది. ఇది వదిలేసిన కొడవలే నూనెలో దిగగానే మెలి తిరుగుతుంది.

తీగకు కట్టిన చిన్న అయస్కాంతం కొలిమి పక్కన వేలాడదీయండి. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర దానికి అంటుకోవడం మానేస్తుంది. కమాన్ పట్టీ అది దాటాక ఇంకొంత రంగెక్కి 830–860 డిగ్రీలకు రావాలి, అప్పుడు ముంచాలి. నీళ్లలో కాదు, నూనెలో. నీళ్లలో పలుచటి అంచు చీలుతుంది. నూనె 50–60 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది, అందుకే చలికాలం పొద్దున్నే చేసిన పని మెత్తగా వస్తుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్ పొగ ఒంటికి మంచిది కాదు, వంటకు వాడి వడకట్టిన వేరుశనగ నూనె చాలు. ఒక కొడవలికి కనీసం ఐదారు లీటర్లు, లోతైన ఇనుప డబ్బాలో. పక్కనే దానికి సరిపోయే రేకు మూత ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేయండి, నీళ్లు చల్లవద్దు. ఈఎన్ 8 గడ్డపార మొనకు మాత్రం నీళ్లే కావాలి. పది లీటర్లకు కిలో ఉప్పు కలిపితే చల్లార్చడం అంతటా ఒకేలా జరుగుతుంది.

కొడవలిని అంచు కిందికి ఉండేలా నిలువుగా దించండి. పైకీ కిందికీ ఆడించవచ్చు, పక్కలకు ఊపకూడదు. ఏ వైపు ముందు చల్లబడితే ఆ తేడాకు రేకు వంకర పోతుంది. వంకర వస్తే చల్లగా ఉన్నప్పుడు సుత్తితో సరిచేయబోకండి, గాజులా పగులుతుంది. కింద చెప్పే రంగు పని చేసేటప్పుడు, వేడి మీదే, రెండు చెక్కల మధ్య బిగించి సరిచేయండి.

ముంచి తీసినది అలాగే రాత్రంతా వదలకూడదు, దానంతటదే చీలవచ్చు. వెంటనే ఇసుకరాయితో రుద్ది తెల్లగా మెరిసేలా చేయండి. అర అంగుళం మందం రేకును కొలిమి మీద కాచి, దాని మీద కొడవలి వీపు ఆనించండి. వీపు నుంచి అంచు వైపు రంగులు పాకుతాయి: ముందు లేత ఎండుగడ్డి రంగు, ఆపైన ముదురు గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం. లేత గడ్డి రంగు సుమారు 220 డిగ్రీలు, నీలం సుమారు 300. కొడవలి అంచుకు గోధుమ రంగు చేరగానే నీళ్లలో పెట్టి ఆపండి. గొడ్డలికి ఊదా దాకా పోనివ్వాలి.

గడ్డపార, ఉలి అయితే ఇంకా తేలిక. మొన దగ్గర మూడంగుళాలు కాచి, చివరి అంగుళం మాత్రమే నీళ్లలో (కమాన్ పట్టీ ఉలి అయితే నూనెలో) పెట్టి పైకీ కిందికీ కదుపుతూ ఉండండి. ఒకే చోట పట్టుకుంటే నీటి గీత దగ్గరే తర్వాత విరుగుతుంది. నల్లబడగానే తీసి రాయితో రుద్దితే పైన మిగిలిన వేడి మొన వైపు దిగుతూ రంగులు తెస్తుంది. మొనకు ఊదా నీలం రాగానే మొత్తం ముంచండి. రాతి నేలల్లో వాడే గడ్డపారను నీలం దాకా రానివ్వండి. ఉలి తల వైపు మాత్రం గట్టిపరచకండి, సుత్తి దెబ్బకు పెచ్చులు లేచి కంట్లో పడతాయి.

పనిముట్టు తిరిగి వచ్చినప్పుడు: అంచు పెచ్చులు పోతుంటే గట్టిదనం ఎక్కువైంది, మళ్లీ మెరుగుపెట్టి రంగును ఇంకో మెట్టు ముందుకు పోనివ్వండి. అంచు మడత పడుతుంటే ఆకురాయి పెట్టి చూడండి. ఆకురాయి జారిపోతే లోపల బాగానే ఉంది, అంచు మరీ పలుచన అయింది. పట్టుకుంటే, అర మిల్లీమీటరు అరగదీసి మళ్లీ చూడండి. నిప్పులో ఎక్కువసేపు ఉన్న ఉక్కు పైపొరలో కార్బన్ కాలిపోతుంది, ఆ తోలు కింద గట్టి ఉక్కు ఉండవచ్చు. అక్కడా పట్టుకుంటే వేడి చాలలేదు లేదా కార్బన్ లేదు. ఇంకో కారణం కూడా తరచూ కనిపిస్తుంది: గ్రైండర్ మీద సాన పడుతున్నప్పుడు అంచు నీలం తిరిగిందంటే పడ్డ కష్టమంతా అక్కడ పోయినట్టే. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కకముందే నీళ్లలో ముంచుతూ ఉండాలి.

గొడ్డలికి ఉక్కు అతుకు నిలవనప్పుడు

అతకాల్సిన ముఖాలు మధ్యలో కొంచెం ఉబ్బుగా ఉండాలి. పల్లంగా ఉంటే కరిగిన మురికి బయటికి పోయే దారి లేక లోపలే ఇరుక్కుంటుంది. వెలిగారాన్ని ముందు పెనం మీద వేయించి నీరు పోగొట్టి పొడి చేసుకోండి, లేకపోతే నిప్పులో పొంగి రాలిపోతుంది. ముక్క ఎర్రబడ్డాక తీగ బ్రష్‌తో పొలుసు గీకి పొడి చల్లండి. ఇనుము వైపు ముందు కాగనివ్వండి, ఉక్కు దానికంటే తక్కువ వేడికే సిద్ధమవుతుంది. పైన వెలిగారం నూనెలా పారుతూ ముక్క లేత పసుపుకు వచ్చాక తీసి మధ్య నుంచి అంచులకు చిన్న దెబ్బలు త్వరత్వరగా వేయండి. మొదటి దెబ్బే సమ్మెటతో వేస్తే ముక్కలు జారిపోతాయి.

పట్టుకారు, దాగలి, పిడి

ముక్క పట్టుకారులోంచి జారుతుంటే చేతి బలం పెంచడం కాదు, మూతి సరిచేయాలి. మూతి ఎర్రగా కాచి, మీరు పట్టుకునే మందం ముక్కనే మధ్యలో పెట్టి, కాడల మధ్య రెండు వేళ్ల సందు ఉండేలా నొక్కండి. రివెట్ బిగిసిపోతే ఆ చోటు కాచి, చల్లారేదాకా తెరుస్తూ మూస్తూ ఉండండి.

ముక్కను పెట్టి కొట్టే దాగలి లేనివారికి రైలు పట్టా ముక్క పనికొస్తుంది. పడుకోబెట్టకుండా నిలబెట్టి దుంగలో పాతండి, దెబ్బ కింద బరువంతా నిలువుగా ఉంటుంది. మీటరుకు 52 కిలోలు తూగే పట్టా రెండడుగులు కోస్తే సుమారు 32 కిలోలు. బిల్లు తీసుకుని కొనండి, లెక్కలేని రైల్వే సామాను దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం.

గొడ్డలి కామ ఊగుతుంటే నీళ్లలో నానబెట్టడం రెండు రోజుల మాట. ఉబ్బిన చెక్క కన్నంలో నలిగి, ఎండాక ఇంకా వదులవుతుంది. బాగా ఎండిన కర్ర మార్చి, పైన చీల్చి, ఎండు చెక్క మేకు, దానికి అడ్డంగా ఇనుప మేకు కొట్టండి. కొడవలి పిడికి ముందు పొన్ను (చీలకుండా పట్టే ఇనుప కట్టు) తొడిగి, తోక కంటే కొంచెం సన్నంగా రంధ్రం చేసి, తోకను మాత్రమే ముదురు ఎరుపుకు కాచి దింపండి. ఆ సమయంలో రేకుకు తడి గుడ్డ చుట్టి ఉంచకపోతే వేడి పాకి అంచు మెత్తబడుతుంది.