తొలి సంవత్సరీకానికి ముందు బంధుమిత్రులు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆత్మహత్య వల్ల మనిషిని పోగొట్టుకున్న ఇంటికి, పదిమంది చుట్టూ ఉన్న పెద్దకర్మ నాటికంటే, అందరూ ఎవరి పనుల్లో వారు పడిపోయాక వచ్చే తొలి సంవత్సరీకమే ఎక్కువ బరువుగా ఉంటుంది. విజయవాడలో కృష్ణ ఒడ్డున పిండం పెట్టే రోజుకు ముందునుంచే ఆ ఇంట్లో నిద్ర, తిండి తప్పవచ్చు కనుక, ఆ రోజు భోజనానికి వచ్చి వెళ్లిపోవడం కంటే, ముందు వారంలో ఒక సాయంత్రం వెళ్లి కూర్చోవడం మేలు.

వెళ్లినప్పుడు "ఎందుకు చేసుకున్నాడు?" అని అడగవద్దు. పంచనామా నాడు పోలీసులకూ, ఆ తరువాత గుమ్మం తొక్కిన ప్రతివారికీ జవాబు చెప్పీ చెప్పీ ఆ తల్లి అలసిపోయి ఉంటుంది. పరీక్ష తప్పడమనో, మిర్చి పంట మీద అప్పనో ఒకే కారణం తేల్చడం సరికాదు. ఇటువంటి మరణం వెనుక సాధారణంగా అనేక కారణాలు పెనవేసుకుని ఉంటాయి. కోడలి పాదం మంచిది కాదనే మాట మన ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే పెద్దవారైనా సరే అక్కడే ఆపండి. అపమృత్యువు, దుర్మరణం అనే మాటలు పిల్లల ముందు వాడవద్దని పురోహితునికి ముందే విడిగా చెప్పి ఉంచండి. చనిపోయిన వ్యక్తిని మాత్రం పేరు పెట్టి తలచుకోండి. బీసెంట్ రోడ్డులో చొక్కా బేరమాడిన సంగతి చెప్పినా ఆ తల్లికి ఊరటే.

"నేనూ వాడి దగ్గరికే పోతాను" అని ఎవరైనా అంటే దుఃఖంలో అన్న మాటేనని వదిలేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా ఉంచకండి, పురుగుమందులు, మిగిలిన మాత్రలు ఇంట్లో లేకుండా చూడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం కనిపిస్తే 108కి చేయాలి. కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

సంవత్సరీకం తిథిని బట్టి జరుగుతుంది, మరణించిన తేదీ మరొక రోజున వస్తుంది. బంధువులు తిథి నాడు వచ్చి వెళ్లిపోతారు. తేదీ నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలగకపోవచ్చు. ఆ రోజున క్యారేజీ పట్టుకుని వెళ్లండి.