ధ్రువుడు కనిపించని మేడ మీద పోలార్ అలైన్‌మెంట్

టెలిస్కోప్‌ను మోసే మౌంట్ అక్షాన్ని ఆకాశపు ఉత్తర ధ్రువం వైపు గురిపెట్టడమే పోలార్ అలైన్‌మెంట్. మామూలుగా దానికి ధ్రువ నక్షత్రమే ఆధారం. బెంగళూరు అక్షాంశం 12 డిగ్రీల 58 నిమిషాలు. కాబట్టి ఇక్కడ ధ్రువ నక్షత్రం క్షితిజానికి 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మీకు ఉత్తరాన 50 మీటర్ల దూరంలో ఉన్న భవనం మీ కంటి మట్టానికి పైన పదకొండున్నర మీటర్లు లేస్తే చాలు, ధ్రువుడు దాని వెనక్కి వెళ్లిపోతాడు. అడ్డం లేకపోయినా దుమ్ము, నగరం వెలుగు కలిసి ఆ చుక్కను మింగేస్తాయి. ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండేవాళ్లకు ఊరి వెలుగంతా ఉత్తరానే ఉంటుంది. ఎలహంక వైపు వాళ్లు కాస్త నయం. అందుకే ఇక్కడ పోలార్ స్కోప్ (ధ్రువుణ్ణి చూసేందుకు అక్షంలో ఉండే చిన్న దుర్బిణి) మీద ఆధారపడకుండా, నడినెత్తికి దగ్గరగానూ తూర్పుననూ ఉండే చుక్కల జారుడు చూసి అక్షాన్ని సరిచేసే డ్రిఫ్ట్ పద్ధతి నేర్చుకోవడమే మేలు. చెన్నైలోనూ లెక్క ఇదే, అక్షాంశం 13 డిగ్రీల 5 నిమిషాలు.

ముందు మౌంట్ సంగతి. జర్మన్ ఈక్వటోరియల్ మౌంట్లు (ఒక వైపు టెలిస్కోప్, ఎదుటి వైపు బరువులు ఉండి, చుక్కల వెంట తిరిగేవి) కొన్ని 15 డిగ్రీలకు కిందికి వంగవు, కొనేముందు మాన్యువల్‌లో అక్షాంశ పరిధి చూడండి. 13 డిగ్రీల దగ్గర ఆర్‌ఏ అక్షం, అంటే ధ్రువం వైపు చూసే ప్రధాన అక్షం, దాదాపు పడుకున్నట్టే ఉంటుంది. దానివల్ల రెండు ఇబ్బందులు వస్తాయి. మొదటిది, బరువుల కడ్డీ నిలువుగా వేలాడి, ఉత్తరం వైపు ట్రైపాడ్ కాలికి బరువులు తగులుతాయి. అజిమత్ బోల్టులు (మౌంట్‌ను తూర్పు పడమరలకు తిప్పేవి) పట్టుకునే మేకును మీ ట్రైపాడ్‌లో ఎదుటి వైపుకు మార్చే వీలుంటే మార్చండి. అప్పుడు ఒక కాలు దక్షిణానికి వెళ్లి, బరువులు మిగతా రెండు కాళ్ల మధ్య తిరుగుతాయి. వీలు లేకపోతే బరువును కడ్డీపై తగిలే చోటు తప్పించి బిగించండి. రెండోది, మొత్తం భారం వెనక ఆల్టిట్యూడ్ (అక్షం ఎత్తు మార్చే) బోల్టు మీద పడుతుంది. ఎదుటి బోల్టు వదులు చేయకుండా దీన్ని తిప్పితే వంగిపోతుంది. అక్షాన్ని దించాల్సి వచ్చినా కాస్త ఎక్కువే దించి, మళ్లీ పైకి ఎత్తుతూ ఆపండి. చివరి కదలిక పైకే ఉంటే బోల్టు భారం మోస్తూ స్థిరంగా నిలుస్తుంది.

తమిళనాడులో కావలూరులోని వైను బప్పు వేధశాల కూడా 12.6 డిగ్రీల దగ్గరే ఉంది. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోప్‌కు గుర్రపు నాడా ఆకారపు మౌంట్ పెట్టడానికి తక్కువ అక్షాంశమే ఒక కారణం.

ఇక నిలపడం. వాన నీరు పోవడానికి మేడకు వాలు ఉంటుంది కాబట్టి ట్రైపాడ్‌ను స్పిరిట్ లెవెల్‌తో సరిచేయండి. మట్టం తప్పినా అలైన్‌మెంట్ కుదురుతుంది, కానీ అజిమత్ తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారి విసిగిస్తుంది. ఉత్తరం కోసం ఫోన్ దిక్సూచిని నమ్మకండి. స్లాబులోని చువ్వలు, మౌంట్ ఇనుము దాన్ని చాలా డిగ్రీలు లాగేస్తాయి. మధ్యాహ్నపు నీడ మేలు. తాడుకు బరువు కట్టి వేలాడదీసి, సూర్యుడు మధ్యాహ్న రేఖను (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోయే ఊహా రేఖ) దాటే క్షణంలో దాని నీడ వెంట సుద్దతో గీత గీయండి. ఆ సమయం 12 గంటలకు కాదు. బెంగళూరులో నవంబరు మొదట్లో 12.03కు, ఫిబ్రవరి మధ్యలో 12.34కు పడుతుంది. ఆ రోజు సమయం స్టెల్లేరియం అనే ఆకాశ పటం సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి. డిసెంబరులో ఒక్క నిమిషం తప్పినా గీత 23 ఆర్క్‌మినిట్లు (ఆర్క్‌మినిట్ అంటే డిగ్రీలో 60వ వంతు) పక్కకు పోతుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో మధ్యాహ్నం నీడే ఉండదు, ఆ రెండింటి మధ్య అది దక్షిణానికి పడుతుంది. పొట్టి నీడతో దిక్కు కుదరదు.

హ్యాండ్ కంట్రోలర్‌లో తేదీ దగ్గర చాలామంది తప్పుతారు. సిన్‌స్కాన్ అనే కంట్రోలర్ ముందు నెల, తర్వాత రోజు అడుగుతుంది. అక్షాంశం కంటే ముందు రేఖాంశం అడుగుతుంది. బెంగళూరుకు తూర్పు 77 డిగ్రీల 35 నిమిషాలు, టైమ్ జోన్ ప్లస్ 5.30 ఇవ్వండి.

ఇప్పుడు డ్రిఫ్ట్. 12 మి.మీ. ప్రాంతపు రెటికిల్ ఐపీస్ (లోపల అడ్డగీతలు కనిపించే కంటి కటకం), కుదిరితే బార్లో (పెద్దగా చూపే అదనపు కటకం) కావాలి. మౌంట్ ట్రాకింగ్‌లో ఉండగా ఆర్‌ఏ బటన్లు నొక్కుతూ, చుక్క ఒక గీత వెంటే నడిచేదాకా ఐపీస్‌ను తిప్పండి. ఆ గీతకు పైకో కిందికో జరిగేదే మనకు లెక్క. గీత వెంట ముందుకూ వెనక్కూ ఊగడం గేర్ల తప్పు, దాన్ని పట్టించుకోకండి. ఐపీస్‌లో ఏది ఉత్తరమో తెలియడానికి ట్యూబు మూతిని ఉత్తరానికి కాస్త నెట్టండి. చుక్క జరిగిన వైపు దక్షిణం.

మొదట అజిమత్. మధ్యాహ్న రేఖ మీద, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే రేఖ) దగ్గరగా ఉన్న చుక్క పట్టండి. జనవరి, ఫిబ్రవరి సాయంత్రాల్లో ఓరియన్ నడికట్టులోని మింటకా దాదాపు ఖగోళ మధ్యరేఖ మీదే ఉంటుంది. వేసవిలో చిత్త, వానలు తగ్గాక శ్రవణం పనికొస్తాయి. ఇవి బాగా ఎత్తులో ఉంటాయి కాబట్టి డయాగొనల్ (చూపును పక్కకు మళ్లించే అద్దం) లేకపోతే మెడ పట్టేస్తుంది. చుక్క దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు ఎక్కువైంది, పడమరకు తిప్పాలి. ఉత్తరానికి జారితే తూర్పుకు తిప్పాలి.

తర్వాత ఎత్తు. తూర్పున 25, 30 డిగ్రీల ఎత్తులో మరో చుక్క పట్టండి. దక్షిణానికి జారితే అక్షం కిందికి ఉంది, ఎత్తాలి. ఉత్తరానికి జారితే దించాలి. తూర్పు మూసుకుపోతే పడమర చుక్కతో చేయండి, అప్పుడు సూత్రం తిరగబడుతుంది. చెన్నై తీరంలో తూర్పున సముద్రమే కాబట్టి చుక్కకు కొదవ ఉండదు. అయితే 20 డిగ్రీల కిందికి వెళ్లకండి, వాతావరణ వక్రీభవనం లెక్క చెడగొడుతుంది. పోలార్ స్కోప్‌తో చేసేవాళ్లకు కూడా ఇదే తలనొప్పి. 13 డిగ్రీల ఎత్తులో ధ్రువుడు తన అసలు స్థానం కంటే 4 ఆర్క్‌మినిట్లు పైకి కనిపిస్తాడు.

ఎంత తిప్పాలో అంచనా ఉంటే రాత్రి వృథా కాదు. అక్షం 1 ఆర్క్‌మినిట్ తప్పితే చుక్క నిమిషానికి 0.26 ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌సెకండ్ అంటే ఆర్క్‌మినిట్‌లో 60వ వంతు) జారుతుంది. కాబట్టి నిమిషానికి ఎన్ని ఆర్క్‌సెకండ్లు జారిందో కొలిచి 3.8తో గుణిస్తే తప్పు ఆర్క్‌మినిట్లలో వస్తుంది. 5 నిమిషాల్లో 10 ఆర్క్‌సెకండ్లు జారితే తప్పు 7.6 ఆర్క్‌మినిట్లు. ఇక బోల్టు: పిచ్ (ఒక చుట్టుకు బోల్టు జరిగే దూరం) 1.25 మి.మీ. ఉండి, తిరిగే అక్షం నుంచి బోల్టు 60 మి.మీ. దూరంలో ఉంటే ఒక పూర్తి చుట్టు 1.2 డిగ్రీలు. పై తప్పుకు బోల్టు తిప్పాల్సింది దాదాపు పదో వంతు చుట్టు. చాలామంది అర చుట్టు తిప్పి తప్పును అటు నుంచి ఇటు తోస్తూ ఉంటారు.

చుక్కను పట్టిన వెంటనే కొలవకండి. డెక్ (ట్యూబును ఉత్తర దక్షిణాలకు తిప్పే) గేర్ల వదులు సర్దుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, ఆ జారుడు అక్షం తప్పులాగే కనిపిస్తుంది. అజిమత్, ఎత్తు, మళ్లీ అజిమత్ చూడండి. బోల్టులు బిగించాక తప్పకుండా ఇంకోసారి చూడాలి, ఎందుకంటే బిగించడంలోనే అక్షం కదులుతుంది. కంటితో చూసేందుకు అర డిగ్రీ తప్పున్నా పర్వాలేదు. గైడింగ్‌తో (ఒక చుక్కను కెమెరాతో చూస్తూ ట్రాకింగ్‌ను సరిదిద్దడం) ఫొటోలు తీయడానికి 5 ఆర్క్‌మినిట్ల లోపుకు తేవాలి.

కెమెరా ఉంటే గైడింగ్ సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ2లోని డ్రిఫ్ట్ అలైన్ ఇదే పని గ్రాఫు మీద చేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. నీనా అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లోని మూడు బిందువుల పద్ధతికి కూడా ధ్రువుడు కనబడనక్కర్లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. షార్ప్‌క్యాప్ అనే మరో సాఫ్ట్‌వేర్ పద్ధతికి మాత్రం ధ్రువం చుట్టూ ఆకాశం కనబడాలి, ఉత్తరం మూసుకుపోయిన మేడ మీద అది కుదరదు.

అంతా కుదిరాక ట్రైపాడ్ మూడు కాళ్ల కింద పెయింటుతో గుర్తులు పెట్టండి. కాళ్లు ఎంత పొడవుకు లాగారో కూడా గీత గీసుకోండి. మరుసటి వారం అవే గుర్తుల మీద నిలబెడితే డ్రిఫ్ట్‌లో మిగిలేది చిన్న సవరణే.