శ్రావణం రాకముందే పట్టుచీరల సంగతి చూసుకోండి

శ్రావణం వస్తే మంగళవారం నోములు, శుక్రవారం పూజలు, వాటికి తోడు పెళ్లిళ్లు. పట్టుచీరలు బీరువా దిగేదీ అప్పుడే, బయట ముసురు పట్టేదీ అప్పుడే. పసుపు, కుంకుమ, దీపం నూనె, వాయనంలో ఇచ్చే నానబెట్టిన శనగల తడి, అన్నీ వచ్చి ఒడిలోనే పడతాయి.

అందుకే ఆషాఢంలోనే ఒకరోజు చీరలన్నీ కిటికీ దగ్గర, పగటి వెలుతురులో పూర్తిగా విప్పి చూడండి. కిందటేడు ఏ కూల్‌డ్రింకో కొబ్బరినీళ్లో చిలికి, ఆరిపోయాక ఏమీ కనబడక మడతపెట్టేసి ఉంటారు. ఆ చోట ఇప్పుడు లేత గోధుమరంగు మచ్చ తేలి ఉంటుంది. ఆరిన తీపి నెమ్మదిగా రంగు మారుతుంది. ఇస్త్రీ వేడి తగిలితే ఇంకా తొందరగా మారుతుంది. కాబట్టి మరక అనుమానం ఉన్న చీర మీద ఇస్త్రీపెట్టె పెట్టకండి.

పసుపు గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మా అమ్మకి మీగడ రంగు ధర్మవరం చీర ఒకటి ఉంది. ఒక వరలక్ష్మీ వ్రతం రోజు కుచ్చిళ్ల మీద బొటనవేలంత పసుపు మరక పడింది. నేను పరుగున వెళ్లి తడిచేసి సబ్బు రాశాను. చూస్తుండగానే ఆ పసుపు పారాణిలా ఎర్రబడిపోయింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవుతుంది కదా, సబ్బులో ఉండే క్షారం కూడా అదే పని చేస్తుంది. నాకు ఆ సంగతి తెలియదు. టెన్షన్‌లో ఇంకా గట్టిగా రుద్దాను. తర్వాత డ్రై క్లీనింగ్‌లో రంగు చాలావరకు పోయింది. కానీ రుద్దిన చోట పట్టు పోగులు లేచిపోయి, వెలుతురులో పట్టుకుంటే తెల్లగా, గరుకుగా ఇప్పటికీ తెలుస్తుంది. మరకకి మందుంది గానీ తెగిన పోగుకి లేదు.

మరి పడగానే ఏం చేయాలి? పొడి పసుపు, కుంకుమ అయితే తడి తగలనివ్వకుండా దులిపేయండి. ముద్దగా పడితే చెంచాతో పైపైన ఎత్తేసి, తెల్లటి నూలు గుడ్డతో అద్దండి. అద్దడమే, రుద్దడం వద్దు. నూనె పడితే టాల్కం పౌడర్ చల్లి, అరగంట ఆగి మెల్లగా దులపండి. పాలు, రక్తం మరకలకి వేడినీళ్లు అసలు వద్దు, వేడికి గట్టిగా పట్టేస్తాయి. బ్లీచింగ్ పట్టు దగ్గరికే రానివ్వకండి. అది పట్టును తినేస్తుంది.

ఇంకో మాట చాలా గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో పెట్రోల్‌తో మరకలు తుడవకండి. పెట్రోల్ ఆవిరి నేలబారుగా పాకుతుంది. పక్కగదిలో దేవుడి దీపమో గ్యాస్ స్టవ్వో ఉంటే చాలు, అంటుకుంటుంది. చీర పోతే పోయింది, మనిషికి ఏమైనా అయితే ఎలా?

డ్రై క్లీనింగ్ షాపులో ఇచ్చేటప్పుడు మరక చుట్టూ తెల్లదారంతో వదులుగా నాలుగు కుట్లు వేసి చూపించండి. ఏం పడింది, ఎన్నాళ్లయింది, మీరు ఏం రాశారు, అన్నీ దాచకుండా చెప్పండి. డ్రై క్లీనింగ్‌లో నీళ్లకి బదులు ద్రావకం వాడతారు. నూనె, జిడ్డు దాంట్లో బాగా కరుగుతాయి. చెమట, టీ, తీపి మరకలు దాంతోనే పోవు, వాటిని చేత్తో విడిగా తీయాలి. ఏ మరకో చెప్పకపోతే వాళ్లకి మాత్రం ఎలా తెలుస్తుంది? రోలింగ్‌కి మాత్రమే ఇచ్చి మరక కూడా పోతుందనుకోకండి. రోలింగ్ అంటే వేడితో నొక్కడమే. ముందు మరక తీయించి, తర్వాతే రోలింగ్ చేయించండి.

పిన్నీసులు, బ్రోచీలు తీసేసి ఇవ్వండి. మగ్గం వర్క్ జాకెట్టు అయితే రాళ్లు జిగురుతో అంటించినవా, దారంతో కుట్టినవా అని చూసుకోండి. జిగురు, కొన్ని రకాల ప్లాస్టిక్ పూసలు ద్రావకంలో కరిగిపోతాయి. గద్వాల చీరల్లో చాలావాటికి ఒళ్లు నూలు, అంచు పట్టు. నీళ్లలో వేస్తే రెండూ ఒకేలా ముడుచుకోవు, ఆ మాట కూడా షాపతనితో అనండి. చీర తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే కౌంటర్ మీద విప్పించి చూడండి. మొహమాటపడి ఇంటికి తెచ్చాక చెబితే ఎవరూ ఒప్పుకోరు.

తెచ్చిన చీరను ఆ ప్లాస్టిక్ కవర్‌తోనే బీరువాలో పెట్టేస్తారు చాలామంది. వానాకాలంలో లోపల చెమ్మ చేరి బూజు చుక్కలు పడతాయి. కవర్ తీసి, మందు వాసన పోయేదాకా నీడలో గాలికి ఆరేసి, తెల్లటి నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు, నల్లబడుతుంది. సెంటు కూడా చీర కట్టుకోకముందే ఒంటికి రాసుకుని ఆరనివ్వండి. మూడు నెలలకోసారి మడత మార్చండి. లేకపోతే మడత గీత దగ్గరే జరీ చిట్లుతుంది.