సమ్మర్ క్యాంప్ ముందు వెదురు విల్లు వాళ్ళకి: యాంకర్, రిలీజ్ సరిచేసుకునేటప్పుడు జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే సమ్మర్ క్యాంపులు మొదలు. ఏడాదంతా ఆదివారం పూట వచ్చి నాలుగు బాణాలు వేసుకుని పోయేవాళ్ళు కూడా ఒక్కసారిగా రోజూ వందల్లో వేసేస్తారు, పిల్లలకైతే సెలవులు కదా పొద్దున సాయంత్రం గ్రౌండ్‌లోనే ఉంటారు. వేళ్ళు తిమ్మిరెక్కడం, భుజం పట్టేయడం, ముంజేయి కమిలిపోవడం, విల్లు పగలడం ఇవన్నీ ఈ సీజన్‌లోనే ఎక్కువ. అందులోనూ "ఈ సమ్మర్‌లో రిలీజ్ (స్ట్రింగ్ వదిలే తీరు) సెట్ చేసేసుకుంటా" అని పట్టుదల మీద దిగినవాళ్ళకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే పాత బరువు (లాగడానికి పట్టే బలం) విల్లుతోనే, ఫుల్ డిస్టెన్స్‌లోనే, వేళ్ళని అటూ ఇటూ మార్చి చూస్తుంటారు. నా మాట వింటే ముందు బరువు తగ్గించండి, తర్వాతే యాంకర్ (స్ట్రింగ్ లాగి చేతిని మొహానికి ఆనించే చోటు), దాని తర్వాతే రిలీజ్.

విల్లు మీద రాసిన పౌండ్లు మామూలుగా 28 అంగుళాల డ్రా (స్ట్రింగ్ లాగే పొడవు) దగ్గర కొలిచినవి. మీ డ్రా 26 అయితే వేళ్ళ మీద పడేది అంతకంటే తక్కువ, 29 అయితే ఎక్కువ, అంగుళానికి సుమారుగా రెండు మూడు పౌండ్లు తేడా వస్తుంది. వెదురు విల్లుకి చాలాసార్లు అసలు నంబరే ఉండదు, లగేజీ తూచే హుక్ కాటా స్ట్రింగ్‌కి తగిలించి మీ డ్రా దాకా లాగి చూస్కోండి, ఎంత పొడవు దాకా లాగొచ్చో మాత్రం చేసిన మనిషినే అడగాలి, ఒక అంగుళం ఎక్కువ లాగినా కొన్ని విల్లులు తట్టుకోవు. బరువు ఎక్కువైందో లేదో తెలియాలంటే యాంకర్ దగ్గర ఆపి మూడు లెక్కపెట్టండి చాలు. చెయ్యి వణికినా, కుడి భుజం చెవి దగ్గరికి లేచినా, తల ముందుకెళ్ళి స్ట్రింగ్‌ని వెతుక్కున్నా ఆ విల్లు మీకిప్పుడు ఎక్కువే. లెక్క అయ్యాక నెమ్మదిగా వెనక్కి దించండి, బాణం లేకుండా స్ట్రింగ్ వదిలేయొద్దు, బాణంలోకి పోవాల్సిన బలమంతా విల్లు మీదే పడి పగిలిపోతుంది. క్యాంపులో పక్కవాడి విల్లు తీసుకుని "ఎంత గట్టిగుందో చూద్దాం" అని లాగి వదిలేసే మహానుభావుడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు, వాడికి ఇవ్వకండి.

ఎండలో పార్క్ చేసిన కారులో విల్లు పెట్టొద్దు. వెదురు ఎండిపోయి బీట తీస్తుంది, అతికించిన విల్లయితే జిగురు వదిలేస్తుంది. వాడనప్పుడు స్ట్రింగ్ దించేయండి. రోజూ మొదలుపెట్టే ముందు చిన్న దూది ఉండ తీసుకుని విల్లు పొడుగునా రుద్దండి, ఎక్కడైనా పోగు తగులుకుందంటే అక్కడ పేడు లేచినట్టే. బాణాలకీ అంతే, ఒక్కొక్కటీ చేత్తో కొంచెం వంచి చెవి దగ్గర పెట్టుకోండి, చిటచిట మందంటే పక్కన పడేయండి. పగిలిన బాణం వదిలినప్పుడు ముక్క ఎడం చేతిలోకే దిగుతుంది, గుచ్చుకున్నాక తీయడం డాక్టర్ పనే.

ఇక యాంకర్. విజయవాడలో ఆర్చరీ అంటే అందరికీ జ్యోతి సురేఖ, ధీరజ్ గుర్తొస్తారు, వీడియోలు చూసి పిల్లలు అదే స్టైల్ పట్టేస్తారు. సురేఖది కాంపౌండ్ (కప్పీలున్న విల్లు), ఆవిడ చేతిలో స్ట్రింగ్ పట్టి వదిలే రిలీజ్ ఎయిడ్ ఉంటుంది, స్ట్రింగ్ వేళ్ళ మీద ఉండదు. ధీరజ్‌ది ఒలింపిక్ రికర్వ్ (చివరలు ముందుకు వంగిన విల్లు), గురి చూసే సైట్ ఉంటుంది, డ్రా పూర్తయిందని చెప్పడానికి క్లిక్కర్ ఉంటుంది, అందుకే ఆ గడ్డం కింది యాంకర్ అంత బాగా పనిచేస్తుంది. ఇండియన్ రౌండ్ అనే పోటీ విభాగంలో ఆడే వెదురు విల్లుకి అవేవీ ఉండవు, డ్రా పూర్తయిందా లేదా చెప్పేది మీ మొహమే. గడ్డం కింద పెట్టడం తప్పని కాదు, కానీ బాణం కంటికి బాగా కిందికి పోతుంది కాబట్టి దగ్గర దూరంలో టార్గెట్‌కి బాగా కింద గురి పెట్టాలి. కొత్తగా సరిచేసుకునేవాళ్ళకి నోటి మూల యాంకరే మేలని నా అభిప్రాయం. చూపుడు వేలో మధ్య వేలో ఏదో ఒకటి ఫిక్స్ చేసుకోండి, దాని కొన పెదవి మూలకి తగలాలి, ఇంకో గుర్తుగా బొటనవేలి మొదలు దవడ ఎముక కింద ఆనాలి. రెండు చోట్ల తగిలితే తప్పిందని వెంటనే తెలుస్తుంది, ఒక్క చోటే పెట్టుకుంటే చెయ్యి అర అంగుళం జారినా పట్టుకోలేరు.

జారిందని బాణమే చెప్తుంది. యాంకర్ కిందికి దిగితే బాణం టార్గెట్‌లో పైకి పోతుంది, పైకెక్కితే కిందికి, డ్రా పొట్టి చేస్తే కూడా కిందికే. ఇక్కడ ఎండాకాలం తిప్పలు ఇంకొకటి, చెమట. బుగ్గ మీద సన్‌స్క్రీనో కొబ్బరి నూనో ఉంటే వేలు ఒక్కచోట నిలవదు, మీరు ఫామ్ పాడైందని బాధపడుతుంటారు. జేబురుమాలుతో దవడ, వేళ్ళు తుడుచుకుంటూ ఉండండి, వేళ్ళకి తొడిగే తోలు ట్యాబ్ తడిసిపోతే రెండోది వాడండి.

స్ట్రింగ్ మొహానికి, ఛాతీకి ఆనుకునే వస్తుంది కాబట్టి ముక్కుపుడక, పెద్ద కమ్మలు, గొలుసు, జేబులో పెన్ను ఇవన్నీ తీసేయాలి. జడ వెనక్కి కట్టేయండి, చున్నీ నడుముకి గట్టిగా చుట్టుకోండి, వదులు చొక్కా అయితే చెస్ట్ గార్డ్ వేసుకోండి. ఆర్మ్ గార్డ్ గురించి చెప్పక్కర్లేదు, అయినా వేసుకున్నాక కూడా మాటిమాటికీ దెబ్బ తగులుతోందంటే మోచెయ్యి లోపలికి తిరిగి ఉంది, కొంచెం బయటికి తిప్పండి.

రిలీజ్‌కి వస్తే, స్ట్రింగ్‌ని మూడు వేళ్ళ మొదటి కణుపు గీతలో గానీ కాస్త వెనకగా గానీ పెట్టండి, చివర్లలో పట్టుకుంటే అంత బరువూ వేలి కొనల మీదే పడుతుంది, తిమ్మిర్లకి కారణం చాలావరకు అదే. ఏకలవ్యుడి కథ విని పెరిగిన పిల్లలు బొటనవేలు కూడా కలిపి నాక్‌ని (బాణం వెనక స్ట్రింగ్ పట్టే గాడిని) చిటికెలా పట్టుకుని లాగుతారు, అది మాన్పించాలి, బొటనవేలు అరచేతిలోకి మడిచేయాలి. బొటనవేలితో లాగే పద్ధతి వేరే ఉంది, దానికి ఉంగరం కావాలి, బాణం కూడా విల్లుకి అవతలి పక్కన పెడతారు, రెండూ కలపొద్దు. మణికట్టు సాఫీగా ఉండాలి, మోచెయ్యి బాణం లైన్‌లోకి రావాలి, భుజపలక వెన్నెముక వైపు జరుగుతున్నట్టు తెలియాలి. అలా వీపుతో లాగుతూ ఉండగా వేళ్ళు వదులైతే స్ట్రింగ్ దానంతటదే పోతుంది, చెయ్యి దవడని రాసుకుంటూ చెవి కిందికి వెళ్ళి ఆగుతుంది. వదిలాక చెయ్యి ఎక్కడుందో అలాగే పట్టి చూసుకోండి. మొహానికి దూరంగా గాల్లో ఉందంటే మీరు స్ట్రింగ్‌ని బయటికి గుంజారు, కుడిచేతి వాళ్ళకి బాణం ఎడమకి పోతుంది. ముందుకు వచ్చేసిందంటే వదిలే ముందే వీపు సడలించారు. ఈ రెండింటికీ వేళ్ళని "ఫాస్ట్‌గా తెరువు" అని చెప్పే కోచింగ్ నాకస్సలు నచ్చదు, వేళ్ళు బిగుసుకుని ఇంకా గుంజుతాయి.

ప్రాక్టీస్ మొదటి రోజుల్లో టార్గెట్ పేపర్ తీసేయండి. మూడు నాలుగు మీటర్ల దూరంలో మెత్తటి బట్రెస్ (బాణాలు దిగే దిమ్మ), తేలిక విల్లు. బాణం గురి చూసుకున్నాక కళ్ళు మూసుకుని యాంకర్ తగలడం, వీపు లాగడం మాత్రమే గమనించండి, కళ్ళు మూసేటప్పుడు పక్కన ఒకరు ఉండి తీరాలి, పిల్లలైతే కోచ్ లేకుండా వద్దే వద్దు. గట్టి చెక్కకో గోడకో అంత దగ్గర నుంచి వేయొద్దు, బాణం వెనక్కి కొడుతుంది. బాణాలు పీకేటప్పుడు వెనకాల ఎవరూ నిలబడకూడదు, ఊడి వచ్చిన బాణం నాక్ సరిగ్గా కంటి ఎత్తులో ఉంటుంది, టార్గెట్ దగ్గరికి పరిగెత్తనివ్వకండి.

బాణాల సంఖ్య వారానికి కొంచెం కొంచెంగా పెంచండి, పొద్దున ఎనిమిది దాటాక ఎండలో లాగించొద్దు, మధ్యమధ్యలో మజ్జిగో ఉప్పేసిన నిమ్మరసమో తాగండి. వేలి కొన కాసేపు మొద్దుబారడం మామూలే, పొద్దున లేచాక కూడా స్పర్శ తెలియకపోతే విల్లు ఆపేసి డాక్టర్‌కి చూపించండి, భుజం ముందువైపు పోటు వచ్చి చెయ్యి పైకెత్తలేకపోయినా అంతే. డాక్టర్ సరేనన్నాక కూడా వెంటనే విల్లు పట్టకుండా, రబ్బరు బ్యాండ్‌తో అద్దం ముందు యాంకర్ వరకు లాగి దించడం కొన్నాళ్ళు చేసుకోండి, బ్యాండ్‌ని కూడా వదిలేయొద్దు, మొహానికే వచ్చి కొడుతుంది.